ఏ సబ్జెక్టో తేలలేదు, చేతిలో మూడు సీట్లు: ఐసర్ తిరుపతి, హైదరాబాద్‌లో సీఎస్‌ఈ, శ్రీసిటీలో క్రియా

మున్నేరు_అమ్మాయి
అందరికీ నమస్తే. మాది ఖమ్మం. ఈ ఏడాదే ఇంటర్ ఎంపీసీ అయింది. మూడు చోట్ల సీటు వచ్చింది, వారంలోగా ఏదో ఒకటి తేల్చాలి.

ఒకటి ఐసర్ తిరుపతిలో (సైన్స్ చదువు, రీసెర్చ్ కోసం కేంద్రం పెట్టిన సంస్థ) బీఎస్-ఎంఎస్, అంటే డిగ్రీ, పీజీ కలిపి ఐదేళ్లు. రెండోది హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ ఏఐ-ఎంఎల్, ఎంసెట్ కన్వీనర్ కోటాలో (పేరు ఈఏపీసెట్ అయినా ఇంట్లో అందరం ఎంసెట్ అనే అంటాం). మూడోది శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ, సైన్స్‌తో పాటు ఎకనామిక్స్ లాంటివీ చదవగలిగే ప్రైవేటు యూనివర్సిటీ. అక్కడ ఫీజులో కొంత స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు.

నా సమస్య కాలేజీ కాదు, సబ్జెక్టు. మా జూనియర్ కాలేజీలో రెండేళ్లూ పొద్దున్నే స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా బిట్లే చేశాం. ప్రాక్టికల్స్ అంటే పరీక్ష ముందు రికార్డు నింపడమే. అందుకే "నీకు ఏం ఇష్టం?" అని ఎవరైనా అడిగితే నిజంగానే నా దగ్గర జవాబు లేదు. లెక్కలు బాగా వస్తాయి. పదో తరగతి దాకా బయాలజీ ఇష్టంగా చదివేదాన్ని, అలాగని డాక్టర్ అవ్వాలనేం లేదు. యూట్యూబ్‌లో ఎకనామిక్స్ వీడియోలు కొన్ని చూశాను, బాగున్నాయి. అంతే.

నాన్న సీఎస్‌ఈ అంటున్నారు. అమ్మేమో "తిరుపతి అయితే నిన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా స్వామి దర్శనం కూడా అవుతుంది" అంటోంది. అది ఆమె లెక్క. నాలాంటి వాళ్లకి ఏది మంచిది?

బోడుప్పల్_బాబాయ్
ఏదీ తేలనప్పుడు సీఎస్‌ఈయే తల్లీ. చాలా ఏళ్లుగా ఈ ఫీల్డులో ఉన్నవాడిగా చెప్తున్నా. మా టీంలో మెకానికల్ చదివినవాళ్లు, సివిల్ చదివినవాళ్లు, బీఎస్సీ వాళ్లు అందరూ ఇప్పుడు కోడే రాస్తున్నారు. చివరికి అందరూ ఇక్కడికే చేరేటప్పుడు చుట్టూ తిరిగి రావడం దేనికి?

ఏర్పేడు_పాతకాపు
బాబాయ్ గారూ, మెకానికల్ వాళ్లు, బీఎస్సీ వాళ్లు మీ టీంలోకి రాగలిగారంటే సీఎస్‌ఈ చదవకపోయినా దారి ఉందనే కదా అర్థం :)

చెల్లీ, నేను ఐసర్ తిరుపతి తొలినాటి బ్యాచ్‌ల వాడిని. 2015లో మొదలైనప్పుడు సొంత క్యాంపస్ లేదు, తిరుపతిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఆవరణలో నడిచేది. ఇప్పుడు ఏర్పేడు దగ్గర సొంత క్యాంపస్ ఉంది. ఐఐటీ తిరుపతి కూడా ఆ పక్కనే.

బీఎస్-ఎంఎస్‌లో చేరేటప్పుడు మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఏదో రాయనక్కర్లేదు. మొదట్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగూ చదవాలి, ల్యాబులూ చేయాలి. మేజర్ ఎంచుకునేది మూడో ఏడాదిలో. చివరి ఏడాది ఒక గైడ్ దగ్గర థీసిస్ ప్రాజెక్టు. నీలాగా బిట్లు తప్ప ఏమీ చూడని పిల్లలకి ఆ రెండేళ్లు బంగారం. నా రూమ్మేట్ ఫిజిక్స్ తప్ప ఇంకోటి చదవనని శపథం చేసి వచ్చాడు. రెండో ఏడాది ల్యాబులో మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాడు, ఇక లేవలేదు. ఇప్పుడు న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు.

బయాలజీ గురించి భయపడకు. ఐఏటీలో, అంటే ఐసర్ ప్రవేశ పరీక్షలో, నాలుగు సబ్జెక్టులకీ పదిహేనేసి ప్రశ్నలు ఉంటాయి కదా, ఎంపీసీ వాళ్లు చాలామంది బయాలజీ సెక్షన్ వదిలేసే వస్తారు. మొదటి సెమిస్టర్‌లో పదాలు కొత్తగా ఉంటాయి తప్ప మునిగిపోయేది ఏమీ ఉండదు. నిజానికి దెబ్బ తగిలేది లెక్కల దగ్గర. అక్కడ జవాబు ఎంత అని అడగరు, ఎందుకు నిజమో రుజువు చెయ్యమంటారు. షార్ట్‌కట్‌తో నిమిషంలో ఆప్షన్ పట్టుకోవడం ఇష్టమా, ఒకే సిద్ధాంతం మీద మూడు పేజీలు రాస్తూ సాయంత్రమంతా కూర్చోవడం ఇష్టమా? ఇంటర్‌లో ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి. ఒకటి బాగా వచ్చినవాళ్లకి రెండోది నచ్చాలనేం లేదు. మా బ్యాచ్‌లో లెక్కల్లో పులులు అనుకున్నవాళ్లు కొందరు కెమిస్ట్రీకి వెళ్లిపోయారు. ఇంటర్‌లో లెక్కలంటే పారిపోయిన ఒకమ్మాయి మ్యాథ్స్ మేజర్ తీసుకుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. నీకు దొరికే స్వేచ్ఛ అంతా సైన్స్ లోపలే. రెండేళ్లయ్యాక "నాకు ఎకనామిక్స్ కావాలి" అంటే ఈ బీఎస్-ఎంఎస్‌లో కుదరదు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ కోసమే చదువు అనుకునేవాళ్లు కూడా ఇక్కడికి రాకపోవడమే మంచిది. ఎక్కువమంది రీసెర్చ్ వైపే పోతారు.

రేణుక_హన్మకొండ
మా అబ్బాయి వచ్చే ఏడాది ఇదే స్థితికి వస్తాడు కాబట్టి అడుగుతున్నా. ఐదేళ్లు ఇది, ఆ పైన పీహెచ్‌డీ ఇంకో ఐదారేళ్లు. అంతవరకూ ఇంట్లోవాళ్లే డబ్బు పంపాలా?

ఏర్పేడు_పాతకాపు
లేదక్కా. చదువుకునే ఐదేళ్లలో, సైన్స్ చదివేవాళ్లకి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ వస్తే ఏడాదికి 80,000. అందులో 60,000 నేరుగా విద్యార్థికి, మిగతాది వేసవి ప్రాజెక్టుకి. ఇంటర్‌లో బోర్డు టాప్ ఒక్క శాతంలో ఉన్నవాళ్లు అప్లై చేసుకోవచ్చు. డబ్బు ఆలస్యంగా పడుతుంది, దాన్ని నమ్ముకుని నెల ఖర్చులు పెట్టుకోకూడదు. పీహెచ్‌డీలో ఫెలోషిప్ వస్తే ఇంటి డబ్బు అక్కర్లేదు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ నెలకు 37,000, రెండేళ్ల తర్వాత దాని పై మెట్టు ఎస్‌ఆర్‌ఎఫ్ అయితే 42,000. ఇంటద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) దీనికి అదనం. సాఫ్ట్‌వేర్ జీతం కాదు గానీ ఒకరి ముందు చెయ్యి చాచాల్సిన పని లేదు.

లెక్కల_మేష్టారు
ఇంజినీరింగ్ కాలేజీలో ఫస్టియర్ పిల్లలకు మ్యాథ్స్ చెబుతాను. కాబట్టి నావి అటువైపు మాటలు.

బీటెక్ ఫస్టియర్ అన్ని బ్రాంచ్‌లకీ దాదాపు ఒకటే ఉంటుంది. మ్యాథ్స్, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ, సీ ప్రోగ్రామింగ్, బేసిక్ ఎలక్ట్రికల్, డ్రాయింగ్. అది చూసి "ఫస్టియర్ కామనే కదా, తర్వాత మారొచ్చు" అనుకుంటారు. మారలేరమ్మా. కౌన్సెలింగ్ చివర్లో ఇంటర్నల్ స్లైడింగ్ అని ఒకటి పెడతారు, అదే కాలేజీలో ఖాళీ ఉంటే బ్రాంచ్ మారడానికి. అది దాటాక నువ్వు ఏ బ్రాంచో ఆ బ్రాంచే. పుస్తకాలు కామన్ కావడం వేరు, ఎంపిక వాయిదా వెయ్యగలగడం వేరు.

ఏఐ-ఎంఎల్ అన్న పేరు చూసి మురిసిపోవడమూ వద్దు, బెంబేలు పడడమూ వద్దు. మొదటి రెండేళ్లు మామూలు సీఎస్‌ఈకి దానికి పెద్ద తేడా ఉండదు. మైనర్ డిగ్రీ గురించి కూడా అడుగు. సాంకేతిక విద్యని పర్యవేక్షించే ఏఐసీటీఈ నమూనా ప్రకారం పద్దెనిమిది నుంచి ఇరవై క్రెడిట్లు అదనంగా చదివితే ఇంకో రంగంలో మైనర్ ఇవ్వొచ్చు. చాలా కాలేజీల్లో అది కాగితం మీదే ఉంటుంది. నీకు సీటు వచ్చిన చోట ఎవరైనా నిజంగా తీసుకున్నారా అని సీనియర్లను అడుగు, వెబ్‌సైట్‌ను కాదు.

ఇక నా ప్రశ్న. నీకు తేలనిది "సైన్స్‌లో ఏది" అనా, "సైన్సా, ఇంకోటా" అనా? మొదటిదైతే ఐసర్ నీ కోసమే పెట్టినట్టుంది. రెండోదైతే క్రియా గురించి గట్టిగా ఆలోచించు. రెండూ కాక "ఏది చదివినా పర్లేదు, ఉద్యోగం ముఖ్యం" అన్నది నీ మనసులో మాటైతే మీ నాన్నగారు చెప్పిందే సబబు. అందులో తప్పేమీ లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. ఈ మూడింటినీ కలిపి "అన్‌డిసైడెడ్" అని ఒకే సంచిలో వేస్తున్నాం.

షామీర్‌పేట_డ్యూయల్
మేష్టారి మాటకి ఇంకో కోణం. బిట్స్ పిలానీ వాళ్ల క్యాంపస్‌ల్లో ఎమ్మెస్సీతో చేరితే, మొదటి ఏడాది సీజీపీఏ (సగటు గ్రేడు పాయింట్లు) చూసి రెండో డిగ్రీగా బీఈ బ్రాంచ్ ఇస్తారు. మొత్తం ఐదేళ్లు. నేను హైదరాబాద్ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ మ్యాథ్స్‌తో చేరాను. బయటివాళ్లకి "ఏడాది ఆగి ఎంచుకోవచ్చు" అని వినిపిస్తుంది. లోపల ఉన్నవాళ్లకి అది ఇంకో ఎంసెట్. ఏడాదంతా ఎవరికీ ఏ సబ్జెక్టు నచ్చిందన్న ధ్యాసే ఉండదు, పాయింట్ల లెక్కలే. నాకు ఎలక్ట్రానిక్స్ వచ్చింది, హాయిగానే ఉన్నాను. కానీ అది నేను ఎంచుకున్నది కాదు, నా సీజీపీఏ ఎంచుకున్నది.

అందుకే ఐసర్‌లోనూ అడుగు: మేజర్ ఇచ్చేది కోరుకున్నవాళ్లందరికీనా, మార్కులు చూశా?

ఫ్రిస్కో_అమ్మ
ఇక్కడా అదే కథ. మా పెద్దమ్మాయి చేరినప్పుడు టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో ఇంజినీరింగ్ పిల్లలందరూ ముందు జనరల్ ఇంజినీరింగే, మేజర్ కోసం ఫస్టియర్‌లో మళ్లీ అప్లై చేయాల్సి వచ్చేది. 3.75 జీపీఏ ఉంటే కోరుకున్నది ఖాయం, లేకపోతే ఏది దొరికితే అది. ఏడాదంతా ఆ అంకె చూసుకుంటూనే బతికింది. మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఆ నెలల్లో వేరే మాటే ఉండేది కాదు.

మున్నేరు_అమ్మాయి
మేష్టారూ, మీ ప్రశ్న చదివి నిన్నంతా ఆలోచించాను. "సైన్స్‌లో ఏది" అన్నదే ఎక్కువ అనుకుంటున్నా. ఎకనామిక్స్ మీద ఇష్టం వీడియోలు చూసి వచ్చిందే, పుస్తకం పట్టుకుంటే నిలుస్తుందో లేదో తెలియదు. కానీ అది పూర్తిగా వదిలేయడానికి మనసు ఒప్పుకోవడం లేదు.

అందరూ డబ్బు గురించి అడుగుతారని ముందే చెప్తున్నా. నా ఎంసెట్ ర్యాంకు పదివేలు దాటింది. మేం బీసీ. అందుకే ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ 35,000 మాత్రమే వస్తుంది, కాలేజీ ఫీజు లక్ష దాటుతుంది, మిగతాది నాన్న కట్టాలి. క్రియాలో స్కాలర్‌షిప్ పోగా కూడా దానికంటే చాలా ఎక్కువే, లోన్ తప్పదు. మూడింట్లో తక్కువ ఖర్చు ఐసరే.

సోనీపత్_రిటర్న్
నేను సోనీపత్‌లోని అశోకా యూనివర్సిటీలో చదివాను. క్రియా కాకపోయినా తరహా అదే కాబట్టి రాస్తున్నా. మా దగ్గర మేజర్ మూడో సెమిస్టర్ అయ్యాక చెప్పాలి. క్రియాలో కూడా ముందు కోర్ కోర్సులు, తర్వాతే మేజర్. నేను ఎకనామిక్స్ అనుకుని వెళ్లాను. మధ్యలో హిస్టరీ, సైకాలజీ, కొంచెం కంప్యూటర్ సైన్స్ చూసి చివరికి ఎకనామిక్స్‌కే వచ్చాను. చుట్టూ తిరిగి అక్కడికే వచ్చావు కదా అని మా మావయ్య ఇప్పటికీ ఏడిపిస్తాడు. చేరినప్పుడు ఎకనామిక్స్ అంటే షేర్ మార్కెట్ అనుకున్నదాన్ని, తీసుకునేటప్పటికి అదేంటో తెలిసి తీసుకున్నాను. ఆ తేడా ఆయనకి ఎలా చెప్పాలో తెలియదు.

ఎంపీసీ నుంచి వచ్చేవాళ్లకి ఇబ్బంది సబ్జెక్టుల్లో కాదు, రాయడంలో. వారం వారం వ్యాసాలు, అవీ ఇంగ్లిష్‌లో. "రచయిత చెప్పింది కాదు, నువ్వేమంటావ్?" అని అడుగుతారు. ఇంటర్‌లో ఆ ప్రశ్న మనల్ని ఎవరూ అడిగి ఉండరు. మొదటి ఏడాది నాకు చుక్కలు కనిపించాయి, తర్వాత అదే బాగా పనికొచ్చింది.

స్కాలర్‌షిప్ లెటర్ మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని చదువు. ట్యూషన్ ఫీజుకేనా, హాస్టల్, మెస్ కూడానా? ప్రతి ఏడాదీ ఉంటుందా? గ్రేడ్ తగ్గితే తీసేస్తారా? ఫీజు పెరిగితే వాళ్లిచ్చేది కూడా పెరుగుతుందా? వీటికి మెయిల్‌లో జవాబు తెప్పించుకో, ఫోన్ మాటలు లెక్కలోకి రావు. ఇంకో మాట, నా సొంత అభిప్రాయం: ఏ సబ్జెక్టో తెలియని పిల్ల పెద్ద లోన్‌తో మొదలుపెడితే, మేజర్ ఎంచుకునే రోజు వచ్చేసరికి నచ్చినది కాక లోన్ తీర్చేది ఎంచుకుంటుంది. అప్పుడు అంత డబ్బు పోసి కొన్న స్వేచ్ఛ దేనికి?

బోడుప్పల్_బాబాయ్
అశోకాలో చదివిన అమ్మాయి చెప్పింది నాకు నచ్చింది. సరే, మన ఖమ్మం అమ్మాయికి ఐసరే అనుకుందాం. ఐదేళ్లయ్యాక "సైన్సూ వద్దు, రీసెర్చీ వద్దు" అనిపిస్తే? అప్పుడేం చేస్తుంది? వాదించడానికి కాదు, నిజంగా తెలియకే అడుగుతున్నా.

ఏర్పేడు_పాతకాపు
న్యాయమైన ప్రశ్న. మా వాళ్లలో రీసెర్చ్ వదిలినవాళ్లు డేటా ఉద్యోగాల్లో ఉన్నారు, టీచింగ్‌లో ఉన్నారు, ఒకరిద్దరు సివిల్స్ రాస్తున్నారు. ఎంటెక్ లాంటి పీజీ కోర్సులకి గేట్ రాయొచ్చు. 2024 నుంచి డేటా సైన్స్ అండ్ ఏఐ అని విడిగా పేపర్ కూడా వచ్చింది, మ్యాథ్స్ మేజర్ చేసినవాళ్లకి అది దగ్గర. ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్‌కి ఏ డిగ్రీ అయినా సరే. అయితే బీటెక్ సీఎస్‌ఈ వాళ్ల దగ్గరికి కంపెనీలే వస్తాయి, మా వాళ్లు వెతుక్కుంటూ వెళ్లాలి. ఆ తేడా ఉంది, లేదనను.

మేజర్ గురించి డ్యూయల్ తమ్ముడు అడిగింది కూడా సరైనదే. మా రోజుల్లో అడిగింది అందరికీ దొరికింది. ఇప్పుడు బ్యాచ్‌లు పెద్దవి, నా మాట పట్టుకుని వెళ్లకు చెల్లీ. అకడమిక్ ఆఫీసుకి మెయిల్ పెట్టు, ఇప్పుడు రెండో ఏడాది చదువుతున్నవాళ్లను అడుగు.

గోదావరిఖని_కుర్రోడు
ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ ఎవరూ చెప్పలేదేంటి? 2020లో పెట్టారు. వాళ్లు పెట్టే క్వాలిఫయర్ పరీక్ష పాసైతే చాలు, జేఈఈ అక్కర్లేదు. ఫౌండేషన్, డిప్లొమా, డిగ్రీ అని మెట్లు మెట్లుగా ఉంటుంది, ఎక్కడ ఆగినా అక్కడిదాకా సర్టిఫికెట్ ఇస్తారు. ఆదాయాన్ని బట్టి ఫీజులో రాయితీ ఉంది. ఒకేసారి రెండు డిగ్రీలకి 2022లో యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే యూజీసీ కూడా ఒప్పుకుంది. ఐసర్‌లో చేరి ఇది కూడా చేస్తే మీ నాన్నకి కంప్యూటర్లు, నీకు సైన్స్.

లెక్కల_మేష్టారు
ఆ సలహా మంచిదే, మొదటి ఏడాది మాత్రం వద్దు. నాలుగు సబ్జెక్టులు, ల్యాబులు, కొత్త ఊరు. దాని పైన వారం వారం అసైన్‌మెంట్లు, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షలు. రెండూ సగం సగం అవుతాయి. అక్కడ కుదురుకున్నాక చూసుకోవచ్చు.

సర్టిఫికెట్ల_సుబ్బయ్య
మీరంతా జ్ఞానం గురించి మాట్లాడుతున్నారు, నేను కాగితాల గురించి చెప్తా. అడ్మిషన్ల సెక్షన్‌లో పని చేసి రిటైరైనవాడిని.

అమ్మాయి బీసీ అంది. ఐసర్ కేంద్ర సంస్థ. అక్కడ రాష్ట్రం బీసీ సర్టిఫికెట్ చెల్లదు, కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ (బీసీల్లో సంపన్న వర్గం కాదని చెప్పే) సర్టిఫికెట్ కావాలి, అదీ ఈ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నది. రాష్ట్రం జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్రం జాబితాలో ఉండవు, అది ముందు చూసుకోండి. మీసేవలో ఇవాళే అప్లై చేయండి, ఎమ్మార్వో ఆఫీసులో జూలై అంటే తిరునాళ్లే.

రెండోది టీసీ, ఒరిజినల్ మెమోలు. ఎంసెట్ సీటుకి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి ఫీజు కడితే సీటు నిలుస్తుంది. కాలేజీకి వెళ్లి ఒరిజినల్స్ ఇచ్చేది చివరి దశ కౌన్సెలింగ్ తర్వాతే. ఈ ఏడాది నోటిఫికేషన్‌లో తేదీలు చూసుకోండి. ఈ లోపల ఐసర్ సంగతి తేలిపోతే ఒరిజినల్స్ ఎవరి బీరువాలోనూ ఇరుక్కోవు. మా అన్న కొడుకు తొందరపడి ఒక కాలేజీలో ఇచ్చేశాడు. తర్వాత వెనక్కి అడిగితే మిగతా మూడేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లమన్నారు. ఒరిజినల్స్ అలా అట్టిపెట్టుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ రెండూ చెప్పాయి. ఆ కాగితం ప్రింట్ తీసుకుని వెళ్లి గట్టిగా అడిగాకే ఇచ్చారు.

మూడోది, కట్టిన డబ్బు. యూనివర్సిటీలు ఫీజు వెనక్కి ఇవ్వడానికి యూజీసీ గడువు చెబుతుంది. 2024-25లో సెప్టెంబర్ 30 దాకా మానుకుంటే పూర్తి ఫీజు, అక్టోబర్ 31 దాకా అయితే వెయ్యి రూపాయలకు మించకుండా కోత. ఈ ఏడాది తేదీ చూసుకుని క్రియా వాళ్లని అడగండి. ఐసర్ సీటు అంగీకార రుసుముకి వాళ్ల నిబంధనలు వేరే, ఆ పేజీ చదవకుండా కట్టొద్దు.

రేణుక_హన్మకొండ
సుబ్బయ్య గారూ, ఇది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

మున్నేరు_అమ్మాయి
అందరికీ థ్యాంక్స్. ఈ థ్రెడ్ మొత్తం నాన్నకి చదివి వినిపించాను. బాబాయ్ గారి మొదటి మాటకి "చూశావా" అన్నారు, తర్వాత మాట్లాడలేదు. రాత్రి భోజనాల దగ్గర "జేఆర్‌ఎఫ్ అంటే ఏంటి?" అని అడిగారు :)

క్రియా వద్దనుకున్నాం. నచ్చక కాదు, లోన్ వల్ల. ఎకనామిక్స్ పుస్తకం ఒకటి లైబ్రరీ నుంచి తెచ్చుకున్నా, నిలుస్తుందో లేదో చూస్తా. ఎంసెట్ సీటుకి సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి పెట్టాం. ఓబీసీ సర్టిఫికెట్‌కి మీసేవలో అప్లై చేశాను, మా కులం కేంద్రం జాబితాలో ఉంది. మేజర్ ఎలా ఇస్తారని ఐసర్‌కి మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.

ఒకసారి చూడకుండా చెప్పనని నాన్న అంటున్నారు. శుక్రవారం నాన్న, నేను బయల్దేరుతున్నాం. అమ్మ కూడా వస్తానంటోంది, కారణం మీకు తెలిసిందే. తిరుపతి నుంచి ఏర్పేడు ఎలా వెళ్లాలి? అక్కడ సీనియర్లు ఎవరైనా కలుస్తారా?

ఏర్పేడు_పాతకాపు
తిరుపతి బస్టాండ్‌లో శ్రీకాళహస్తి బస్సు ఎక్కి ఏర్పేడులో దిగండి. అక్కడి నుంచి క్యాంపస్ కొంచెం లోపలికి, ఆటో మాట్లాడుకోవాలి. గేటు దగ్గర విజిటర్ ఎంట్రీ ఉంటుంది, ఆధార్ కార్డులు పెట్టుకోండి. రెండో ఏడాది చదివే ఇద్దరమ్మాయిలకి చెప్పాను, నంబర్లు నీకు విడిగా మెసేజ్ చేస్తా. ఒకమ్మాయిది సూర్యాపేట, ఎంపీసీయే. మేజర్ సంగతీ, బయాలజీ సంగతీ ఆమెనే అడుగు. మెస్‌లో భోజనం చేసి రమ్మని నాన్నగారితో చెప్పు.

బోడుప్పల్_బాబాయ్
అమ్మని కూడా తీసుకెళ్లండి. దర్శనం టికెట్లు ముందే బుక్ చేసుకోండి, శుక్రవారం రష్ ఉంటుంది.